మిషన్ మీద కుట్టిన బొమ్మల కథ

ఓ పాత వారపత్రికలో వారం వారం వచ్చిన బొమ్మల కథ చరిత్ర రాస్తున్నాను. చివరి భాగం అచ్చవకుండానే పత్రిక మూతపడిందని తెలిసినవాళ్లు తేల్చేశారు. నేను నమ్మలేదు. కానీ లైబ్రరీ ప్రతుల్లో బొమ్మల పేజీలే లేవు.

భద్రాచలం వెళ్తుంటే, దమ్మపేటలో బస్సు ఆగినప్పుడు బ్యాగు తెగింది. కుట్టిస్తూ టైలర్ ఖాసిం చాచాకు ఈ సంగతి చెప్పాను.

"అచ్చు కాకపోవుడేంది బేటా? పిల్లలు ఆ పేజీలు చింపుకొస్తే మిషన్ మీద పుస్తకం కుట్టిచ్చేటోణ్ణి. లైబ్రరీవి గూడ!"

"దొంగలకు సాయమా చాచా?"

"అవ్. నేను గూడ ఒకటి కుట్టుకున్న."

ప్యాంటు గుడ్డల కింద నుంచి తీసిచ్చాడు. నేరుగా చివరి పేజీ తిప్పాను. కింద 'సమాప్తం' అని అచ్చయి ఉంది.

"దొరికింది!" అని అరిచాను. బస్సు వెళ్లిపోయింది. పోనీ అనుకుని, అక్కడే కూర్చుని మొదటి పేజీ తెరిచాను.