సర్టిఫికెట్ ఉన్న జీపు, ఎక్కని ఘాట్

మా చెల్లెలు మేరీకి ధర్మవరంలో పది గంటలకు నర్సు శిక్షణ ఇంటర్వ్యూ. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. బస్సులో నలిగిపోవడం ఎందుకు, నా డీజిల్ జీపులో దర్జాగా తీసుకెళ్తానని నేనే గొప్పలు పోయాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పొగ సర్టిఫికెట్ లేని బండిని హిందూపురంలో ఆపుతున్న రోజులవి.

ఆ సర్టిఫికెట్ తంతు తెలియనివాళ్ళకు చెప్తాను. ముందురోజు సాయంత్రం మెకానిక్ మస్తాన్ పంపు స్క్రూ బిగించి ఇంజనుకు డీజిల్ తగ్గించాడు. పొగ తగ్గింది, కాగితం చేతికొచ్చింది. తర్వాత ఆ స్క్రూ మళ్ళీ వదులు చేయించుకోవాలి, లేకపోతే బండి లాగదు. ఊళ్ళో అందరూ చేసేది ఇదే. తీరా పొద్దున నేను వెళ్ళేసరికి షెడ్డుకు తాళం! గాలిని శుభ్రం చేయడమంటే మనవాళ్ళకు ఒక్కపూట బండి చేత ఉపవాసం చేయించడమే.

ఏడున్నరకు హిందూపురం నుంచి అలాగే బయలుదేరాం. సోమందేపల్లిలో ఇడ్లీ, టీ కానిచ్చాం; చట్నీ బాగుంది. పెనుకొండ దాకా బండి ఎలాగో నడిచింది. నడపడమా అది! కాలు నేలకానేలా తొక్కినా ఉలుకూ పలుకూ లేదు. తొక్కగానే ముందుకు ఉరకడంలోనే కదా డీజిల్ బండి సుఖమంతా? ఆ ప్రాణం తీసేసి చేతిలో కాగితం పెట్టారు. ఛీ!

పెనుకొండ దాటాక వచ్చే ఘాట్ సగం ఎక్కాక మొదటి గేరులో కూడా మొరాయించింది. చక్రానికి రాయి పెట్టి దిగాం. వెనకే నల్లటి పొగ కక్కుకుంటూ ధర్మవరం బస్సు వచ్చింది. దానికి ఏ సర్టిఫికెటూ ఉన్నట్టు లేదు, హాయిగా ఎక్కుతోంది. మేరీ చెయ్యెత్తి ఆపింది.

"అన్నా, టైమైపోతాండాది. నువ్వు నిదానంగా రా," అని ఎక్కేసింది.

కిటికీలోంచి ఒక పెద్దాయన తొంగిచూసి, "ఏమప్పా, బండికి జరమొచ్చినాదా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంజను చల్లారాక దేకుతూ ధర్మవరం చేరాను. బస్టాండు దగ్గర ఒక మెకానిక్ స్క్రూ వదులు చేశాడు. మేరీ సమయానికే చేరింది, సీటు కూడా వచ్చింది.

మూడింటికి తిరుగు ప్రయాణం. ఘాట్ అవతలివైపు ఎత్తును జీపు మూడో గేరులోనే ఉరుకుతూ ఎక్కింది. "చూడు, బండంటే ఇదీ!" అని అరిచాను. మేరీ వెనక్కి చూస్తోంది.

"ఆపన్నా. ఆ బిడ్డకు ఊపిరాడల్యా."

పక్కకు తీసి ఆపాను. మా పొగలోంచి ఒక స్కూటరు బయటికొచ్చింది. వెనక కూర్చున్నామె చంటిబిడ్డ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. బిడ్డ ఆగకుండా దగ్గుతోంది.

"కండ్లు కనపడవా నీకు? పొగ పెట్టి సంపుతావా ఏమి?" అని ఆమె అరిచింది.

పొద్దున్నుంచి సర్టిఫికెట్‌నూ, మెకానిక్‌నూ, సర్కారునూ తిట్టిన నోరు నాది. తాళం తిప్పి ఇంజను ఆపేశాను. మేరీ దిగి ఆమెకు నీళ్ళ సీసా ఇచ్చింది. ఆ స్కూటరు మలుపు దాటేదాకా నేను ఇంజను స్టార్ట్ చేయలేదు.