శంకర్ కోసం ఖాళీ అయిన వరండా

2021 వానాకాలం. ఖమ్మంలోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. భద్రాచలం వైపు అడవి అంచు ఊరి నుంచి శంకర్ వచ్చాడు (అసలు పేరు కాదు). పాతికేళ్ల ట్రాక్టర్ డ్రైవర్. ఆ ఏడాదే పెళ్లయింది. వృషణానికి క్యాన్సర్ వస్తే ఒకవైపు ఆపరేషన్ చేశారు, మా దగ్గరికి వచ్చిన మర్నాడే కీమో మొదలు. ఆ మందుకు వీర్యకణాలు తగ్గిపోవచ్చు, ఒక్కోసారి మళ్లీ రాకుండానే పోవచ్చు. అందుకే క్యాన్సర్ డాక్టరు ముందు సెమెన్ ఫ్రీజింగ్ చేయించుకోమని మా దగ్గరికి పంపారు. అంటే వీర్యాన్ని లిక్విడ్ నైట్రోజన్ చలిలో ఏళ్ల తరబడి భద్రపరచడం.

మా వైపు జబ్బు ఒకరికొస్తే దవాఖానాకు ఇంటిల్లిపాదీ వస్తారు. శంకర్ వెంట కూడా బొలెరో నిండా జనం దిగారు. నాయనమ్మ, పెదనాయనలు, మేనత్తలు, భార్య సుజాత. అందరూ నేరుగా కలెక్షన్ రూమ్ ముందున్న వరండాలో చాప పరిచి కూర్చున్నారు. కలెక్షన్ రూమ్ అంటే వీర్యం సాంపిల్ ఇచ్చే గది. సిగ్గుకొద్దీ వాళ్లతో "టెస్టు" అని మాత్రం చెప్పి శంకర్ లోపలికి వెళ్లాడు.

కాసేపటికే ఒక పెదనాయన తలుపు కొట్టాడు.

"ఏందిరా, పానం మంచిగున్నదా? నేను లోపలికి రానా?"

"కండ్లు తిరిగినయేమో! సిస్టరమ్మా, తలుపు తీయించు" అని ఒక మేనత్త నా చెయ్యి పట్టుకుంది.

శంకర్ చెమటలు కక్కుకుంటూ సాంపిల్ కప్పు ఖాళీగానే పట్టుకుని బయటికొచ్చాడు. నన్ను పక్కకు పిలిచి, "నాతోని కాదు మేడం. పిల్లలు లేకుంటే లేకపాయె, నన్ను పంపుండ్రి" అన్నాడు. వెనకే వచ్చిన సుజాత ఆ మాట విని తల దించుకుంది.

నాకు నవ్వూ జాలీ కలిసి వచ్చాయి. అన్ని చెవులు తలుపుకు ఆనించి ఉంటే ఎవరికి మాత్రం చేతనవుతుంది? "మీ నాయనమ్మకు ఉన్నదున్నట్టు చెప్పనా?" అని అడిగాను. సరేనన్నాడు.

చాప మీద ఆమె పక్కనే కూర్చున్నాను.

"అవ్వా, రేపటి మందు శానా బలమైనది. రోగంతోపాటు పిల్లలు పుట్టే శక్తిని గూడ తీస్తదేమో. గందుకే ఇయ్యాల్నే తీసి దాచిపెడుతున్నం. ఆ అర్రల ఆయన ఒక్కడే ఉండి ఇయ్యాలె. మీరందరు గిట్ల తలుపు కాడ కూసుంటే ఎట్ల?"

అవ్వ నన్ను చూసింది, తలుపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓరి దేవుడా! గందుకా పోరడు గంత పరేషానయిండు!" అంటూ లేచింది.

"లేవుండ్రి, చాయ్ తాగొద్దాం."

"ఇప్పుడే తాగితిమి కదనే అమ్మా" అన్నాడు పెదనాయన.

"మళ్ల తాగు. తాగితే ఏం పోతది?"

సుజాతను మాత్రం ఉండమని సైగ చేసి, మిగతావాళ్లను గేటు దాటించింది. వరండా నిశ్శబ్దమైంది. మళ్లీ లోపలికి వెళ్లిన శంకర్ కొంతసేపటికి తలెత్తకుండా కప్పు నా చేతిలో పెట్టాడు. ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద చూసి, కణాలు బాగున్నాయన్నారు. చాయ్ తాగి వచ్చిన చుట్టాల్లో ఒక్కరూ ఏమీ అడగలేదు. అవ్వ ఏం చెప్పి తెచ్చిందో మరి!

రెండేళ్ల తర్వాత రోగం పూర్తిగా నయమై భార్యాభర్తలిద్దరే వచ్చారు. పరీక్ష చేస్తే వీర్యకణాలు ఒక్కటీ కనిపించలేదు. డాక్టరు ఆ సంగతి వాళ్లకు చెప్పారు. సుజాత నా వైపు తిరిగింది.

"అక్కా, గా దినం దాచింది ఉన్నది కదా?"

"ఉంది" అన్నాను.

దాంతోనే ఐవీఎఫ్ చేశాం. ఆడపిల్ల పుట్టింది. మా ఇంట్లో పుట్టినంత సంబరపడ్డాను.

అప్పటినుంచి కొత్త నర్సులకు రెండు మాటలు చెబుతున్నాను. పేషెంటు ఒప్పుకుంటే ఇంటి పెద్దకు సంగతి దాచకుండా చెప్పండి, సగం పని వాళ్లే చేసిపెడతారు. ఇక పిల్లల మాట కీమోకు ముందే అడగండి. కీమో అంతా అయ్యాక వచ్చి, ఆపరేషనప్పుడు తీసి దాచింది ఏమైనా ఉందా అని అడిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లెవరికీ నేను "ఉంది" అని చెప్పలేకపోయాను.