సారు చెప్పని పేరు

మా సిస్టమ్ సారు పోయిన సోమవారం పుంగనూరులో చనిపోయారు. మా కాలేజీ ఆఫీసులో టీ తాగుతుండగా ఆ వార్త వచ్చింది. "ముందర ఈడ కంప్యూటర్లు సూసుకుంటా ఉన్నాడే, ఆయప్ప పోయినాడంట. గుండెపోటంట," అన్నాడు మా అటెండరు. ఎవరో "అయ్యో" అన్నారు. ఇంకెవరో బిస్కెట్ల పొట్లం ఇటివ్వమన్నారు. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆయన గురించి రాసే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చదివితే మీకే తెలుస్తుంది.

తొంభైల చివర మదనపల్లెలో మా ప్రైవేటు కాలేజీకి కంప్యూటర్లు వచ్చినప్పుడు నేను టైపిస్టును. మౌసు ముట్టుకోవడానికే జంకేదాన్ని. సారు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "అది కరవదు. పట్టుకో అమ్మా," అనేవారు. కలకడ వైపు మనిషి. చొక్కా జేబులో పెన్నుకు బదులు స్క్రూడ్రైవరు ఉండేది. ప్రతి శనివారం పాత పళ్ల బ్రష్షుతో కీబోర్డులన్నీ తోమేవారు. ఈనాటికీ నాకు అన్నం పెడుతున్న పని ఆయన నేర్పిందే.

ఒక్క విషయంలో మాత్రం మహా మొండి. ప్రతి కంప్యూటర్లో మా పేర్లతో తలా ఒక అకౌంటు పెట్టారు. రోజువారీ పనంతా అందులోనే చేసుకోవాలి. కొత్త ప్రోగ్రాములు ఎక్కించడానికీ, ఎవరి ఫైలునైనా తీసేయడానికీ అధికారమున్న అడ్మినిస్ట్రేటర్ అకౌంటు వేరే. దాని పాస్‌వర్డు ఆయన ఒక్కరికే తెలుసు. ఆయన కూడా ఉత్తరం టైపు చేసుకోవాలంటే తన పేరుతోనే లోపలికి వెళ్లేవారు.

"మీకు కూడా ఎందుకు సార్ ఈ తిప్పలు?" అని ఒకసారి నవ్వాను.

"నా చెయ్యి మాత్రం తప్పు చేయదా అమ్మా? మన పేరుతో చేసిన తప్పు మన బల్లకాడ్నే ఆగుతాది. అడ్మినిస్ట్రేటర్‌తో చేస్తే ఇల్లంతా అంటుకుంటాది."

కుప్పంలో మా కాలేజీకి ఇంకో శాఖ ఉండేది. వారానికి రెండు రోజులు సారు బస్సులో అక్కడికి వెళ్లేవారు. అలాంటి ఒక రోజు కొత్త ప్రింటరు వచ్చింది. దాని ప్రోగ్రాము నా అకౌంటులో ఎక్కలేదు. సాయంత్రంలోగా హాల్‌టికెట్లు అచ్చు కావాలి. కుప్పానికి ఫోన్ చేసి, పాస్‌వర్డు చెప్పమని పట్టుబట్టాను. ఆయన రెండుసార్లు కాదన్నారు. తర్వాత ఒక్కొక్క అక్షరమే చెప్పారు. అరచేతిలో రాసుకున్నాను.

"పని కాంగానే బయటికొచ్చెయ్ అమ్మా," అన్నారు.

నేను బయటికి రాలేదు. అడ్మినిస్ట్రేటర్‌గా కూర్చుంటే కంప్యూటరు దేనికీ అడ్డు చెప్పదు. ఆ సుఖానికి అలవాటు పడ్డాను. మర్నాడు సారు అడిగితే "నిన్ననే వచ్చేశాను సార్" అని అబద్ధమాడాను. ఆయన గదిలోకి వచ్చే అలికిడి వింటే నా అకౌంటుకు మారిపోయేదాన్ని. అలా రెండు నెలలు గడిచాయి.

డిసెంబరు చివర తోటి ఉద్యోగిని ఒకామె గ్రీటింగు కార్డుల ప్రోగ్రాము ఉన్న ఫ్లాపీ తెచ్చింది. పెట్టి నొక్కాను. తెర మీద పూలు రాలాయి. ఇద్దరం చూసి మురిసిపోయాం. మర్నాడు పొద్దున ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఆ పూలతో పాటు ఎక్కిన వైరస్, నేను అడ్మినిస్ట్రేటర్‌గా ఉండటంతో, నా కంప్యూటరుతో ఆగలేదు. ఆఫీసులో వైర్లతో కలిపి ఉన్న అన్నిటికీ పాకింది. సారు ఫైళ్లన్నిటికీ నకళ్లు దాచే కంప్యూటరునూ వదల్లేదు. ఆఖరి సంవత్సరం పిల్లల ప్రాక్టికల్ మార్కులు అప్పటికింకా అచ్చు కాలేదు. అందరూ ప్రాక్టికల్స్ మళ్లీ చేయాల్సి వచ్చింది. సోమల నుంచీ పెద్దతిప్పసముద్రం నుంచీ తండ్రులు వచ్చి గేటు దగ్గర అరిచారు.

కాలేజీ నడిపే కరస్పాండెంటు మమ్మల్నందరినీ తన గదిలో నిలబెట్టాడు.

"అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు ఎవురి దగ్గర ఉండాది?"

"నా దగ్గరే సార్," అన్నారు సారు.

"ఇంకెవురికి తెలుసు?"

సారు నా వైపు ఒక్కసారి చూశారు. నేను తల దించుకున్నాను.

"బాధ్యత నాదే సార్," అన్నారు.

సారును ఉద్యోగం నుంచి తీసేసే ఉత్తరం కరస్పాండెంటు నాచేతనే టైపు చేయించాడు. సారు దాన్ని నిలబడే చదివారు. "తేదీ తప్పు పడిందమ్మా. దిద్దు," అన్నారు. దిద్దాను. అందుకున్నట్టు సంతకం చేసి, స్క్రూడ్రైవరు కాలేజీదని బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

నోరెందుకు తెరవలేదని మీరడగవచ్చు. భయం. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. మదనపల్లెలో ఇంకే కాలేజీ ఆయన్ని తీసుకోలేదు. పిల్లలు 'వైరస్ సారు' అని పేరు పెట్టారు. ఆ పేరుకు స్టాఫ్ రూములో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఏడే నాకు ప్రమోషన్ వచ్చింది.

రెండేళ్ల తర్వాత పుంగనూరు బస్టాండు దగ్గర ఆయన పెట్టుకున్న జిరాక్స్ అంగడికి వెళ్లాను. మనిషి సగమయ్యారు.

"ఆ రోజు నేను చెప్పుండాల్సింది సార్," అన్నాను.

ఆయన జిరాక్స్ మిషను మూత దించారు. "ఆ పాస్‌వర్డు మార్సాలనే కుప్పం నుంచి వస్తి. నువ్వు బయటికొచ్చేస్తినంటివి. నమ్మితి, మార్సలా."

"మరి నా పేరెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇద్దరి పనీ పోతాది. ఇచ్చింది నేనే గదా." మిషనులోంచి కాగితం తీస్తూ అన్నారు, "మంచితనం అనుకోవద్దు. దినామూ తిట్టుకుంటానే ఉండా నిన్ను. మళ్లా ఈడికి రావద్దమ్మా."

మళ్లీ వెళ్లలేదు. ఈ బుధవారమే వెళ్లాను. ఇల్లు అంగడి వెనకే. ఆయన భార్య నన్ను ఎన్నడూ చూడలేదు. కాలేజీ నుంచి వచ్చానంటే మెట్టు మీద చాప పరిచి, గ్లాసుతో నీళ్లిచ్చింది.

"కాలేజీ నుంచి మీరొక్కరే వచ్చినారమ్మా. ఆ పని పోయినప్పటి నుంచే ఆయన మనిషి కాకపాయె. ఎవురో సేసిన తప్పుకు ఈయన్ని బలి సేసినారు. ఎవురని ఎన్నిసార్లు అడిగినా పేరు సెప్పలా. వాళ్లు బాగుపడతారా అమ్మా?"

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుంది. నేను తాగగా మిగిలిన నీళ్లు మెట్ల మీద పారబోసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఎండకు ఆ తడి అంచుల నుంచి ఆరుతూ లోపలికి కుదించుకుపోతుంటే, చెప్పులు చేత పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.