వంత లేని మాట

పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఎవరినీ ఎక్కడికీ సిఫారసు చెయ్యలేదు. పని మానేశాక ఒక్కసారి చేశాను. అందుకే ఆ నాలుగు రోజులు ఎల్లారెడ్డిలో ఉండాల్సి వచ్చింది.

కామారెడ్డి యువకుడొకడు సినిమా తీస్తున్నాడు. పెద్దదేమీ కాదు, గంటన్నర ఉంటుంది. పేరు మాసిపోయిన ముసలి నటుడు, నటన నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చిన అమ్మాయి. కథంతా వాళ్లిద్దరిదే. ముసలి నటుడి వేషానికి మనిషి కావాలని నన్నడిగితే, రామారెడ్డి దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పాను. ముప్పై ఏండ్లు బాగోతం ఆడినవాడు. జట్టులో ఒక్కొక్కరే తగ్గిపోయి ఆట ఆగి చాలాకాలమైంది. ఎప్పుడో జిల్లా పేజీలో నేను ఆయన మీద రాసిన నాలుగు పేరాలకు లామినేషన్ చేయించి గోడకు పెట్టుకున్నాడు.

అమ్మాయి ఎల్లారెడ్డి దర్జీ బిడ్డ. కామారెడ్డిలో బట్టల దుకాణంలో చీరలు చూపిస్తుంది. నటించడం అదే మొదలు.

షూటింగు ఎల్లారెడ్డిలోనే మూతపడ్డ రైసుమిల్లులో పెట్టారు. ముందు ఆయన ఒక్కడే ఉండే సీన్లు తీస్తున్నారు. మొదటి రోజు ఆయన బాగోతానికి పూసుకున్నట్టే ముఖమంతా పచ్చటి అర్దళం రంగు పూసుకొచ్చాడు. కెమెరా మనిషి నవ్వు ఆపుకున్నాడు. అది కడిగితే పోయింది. పోనిది ఇంకొకటి ఉంది. ఆయన ఒక మాట చెప్పి ఆగేవాడు. రెండో మాట చెప్పి మళ్లీ ఆగేవాడు. ఆ సందులో పైన పావురాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

"మర్చిపోతుండా అన్నా?" అన్నాడు దర్శకుడు నా చెవిలో.

మర్చిపోవడం కాదు. బాగోతంలో వేషగాడు ఒక మాట అనగానే హార్మోనియం పక్కన కూర్చున్న వంతగాడు "ఔ మల్ల" అనాలి. అన్నాకే తర్వాతి మాట. ముప్పై ఏండ్లు అట్లా మాట్లాడిన నోరు. ఆ రెండు ముక్కల కోసం ఆగుతున్నానని ఆయనకే తెలియదు.

దర్శకుడు రెండు రోజులు ఓపిక పట్టాడు. మూడో రోజు పొద్దున, హైదరాబాదులో ఇంకో నటుడితో మాట్లాడానని చెప్పాడు.

"రేపొస్తడు. మీరే తెచ్చిండ్రు, మీరే చెప్పుండ్రి అన్నా. నాకు నోరు రాదు."

అన్నాల వేళ చెబుదామని మిల్లు వెనకకు పోయాను. గోడ నీడలో ఆయన అమ్మాయికి నడక నేర్పిస్తున్నాడు.

"గట్ల కాదు బిడ్డా. నువ్వు రాజు కొలువుకొస్తున్నవ్. బస్సుకోసం ఉరికినట్టు ఉరుకుతున్నవేంది?"

"నువ్వు చెప్పినట్టు దుకాణంల నడిస్తే మా సేటు ఇంటికి తోలుతడు తాతా."

"సేటుకేం ఎరుక. రాజుకు ఎరుకైతది."

తర్వాత, మధ్యాహ్నం తియ్యబోయే సీనులో తన మాటలు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. పేజీ మొత్తం, ఎక్కడా ఆగలేదు. నేను చేతిలో ప్లేటుతో అట్లాగే నిలబడిపోయాను. అమ్మాయి ఆయన కళ్లలోకి చూస్తూ మాటమాటకూ తల ఊపుతోంది.

"తల ఊపమని నీకెవరు చెప్పిండ్రమ్మా?" అని అడిగాను.

"ఎవరు జెప్తరు సార్. చీర పరిచినంక మనం తల ఊపకుంటే ఆడోళ్లు రెండో చీర అడగరు. అట్ల అలవాటైంది."

ఆయనకు చెప్పాల్సింది చెప్పకుండానే దర్శకుడి దగ్గరికి తిరిగి వచ్చి, ఒక్క పూట గడువు అడిగాను. అమ్మాయిని కెమెరా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆయన మాట అన్నాడు, ఆమె తల ఊపింది, ఆయన సాగిపోయాడు. పొద్దుగూకకముందే దర్శకుడు హైదరాబాదుకు ఫోన్ చేసి, ఆ నటుణ్ని రావొద్దన్నాడు.

ఇక చివరి సీను మిగిలింది. నేర్చుకున్న అమ్మాయి పట్నం వెళ్లిపోయాక, ముసలి నటుడు ఒక్కడే ఖాళీ కుర్చీ ముందు తన పాత వేషం మాటలు చెప్పుకోవాలి. మర్నాడు అమ్మాయి రాలేదు. పెండ్లిళ్ల రోజులు, సేటు సెలవివ్వలేదు.

"ఇయ్యాల గూడ ఆగితే ఈ సీను తీసేస్త అన్నా. సినిమా ఆ పిల్ల బస్సెక్కిన కాడ్నే ఆపేస్త" అన్నాడు దర్శకుడు. వెనక పెద్దాయన ఉన్నాడని మేమిద్దరం చూసుకోలేదు.

దర్శకుడు అవతలికి పోయాక ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"నేను ఆగుతున్ననా సారూ?"

"ఆగుతున్నవ్ కాకా. వంత కోసం."

ఆయన భుజం మీది తువ్వాల తీసి మడత పెట్టాడు.

"ఇన్నేండ్లు పేపర్ల ఊరందరి సంగతి రాస్తివి. నా సంగతి నాకు చెప్పకపోతివి."

ఆయన వెళ్లి కుర్చీ ముందు నిలబడ్డాడు.

మొదటి మాట అన్నాడు. ఆగాడు. తల ఎడమ పక్కకు తిప్పాడు, హార్మోనియం ఉండే వైపు. అక్కడ మిల్లు గోడే ఉంది. దర్శకుడు చెయ్యి పైకెత్తాడు కానీ కట్ అనలేదు. పెద్దాయన ఆ గోడను చూడాల్సినంతసేపు చూసి, తల కుర్చీ వైపు తిప్పుకుని రెండో మాట అందుకున్నాడు. అక్కడి నుంచి చివరిదాకా మళ్లీ ఆగలేదు.

సినిమాను కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో ఆదివారం మధ్యాహ్నం చూపించారు. ముందు వరసలో అమ్మాయి, వాళ్ల నాన్న. వెనక కుర్చీల్లో రామారెడ్డి నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు. పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. సినిమా మొదలయ్యే ముందు దర్శకుడు వంగి, "నువ్వు ఆగిన కాడ నేను కొయ్యలే తాతా" అని చెప్పిపోయాడు.

చివరి సీను వచ్చింది. తెర మీద ఆయన ఒక మాట అని ఆగి, తల పక్కకు తిప్పాడు. వెనక కుర్చీల్లోంచి ఎవరో ముసలి గొంతు, మామూలుగా, "ఔ మల్ల" అంది. ఎవరూ నవ్వలేదు. తెర మీద ఆయన రెండో మాట అందుకున్నాడు.

నా పక్కన ఉన్నాయన వెనక్కి తిరిగి చూడలేదు.

"గిప్పుడొచ్చిండు మా వంతగాడు" అన్నాడు తెర చూస్తూనే. "ఎప్పుడూ గంతే. చాయ్ తాగి గాని రాడు."