వారానికొక్కసారి నీళ్లు: ఉతై నర్సరీకి ఒక ఉదయం

ఏప్రిల్ నెలాఖరులో నా మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత రెండు నెలలు విశాఖలో మా చెల్లెలి ఇంట్లో ఉండాలి. భిలాయి సెక్టర్ 4లో మా లీజు క్వార్టరుకు అన్నాళ్లూ తాళమే. మనవరాలు హేమ ఆదివారాలు వచ్చి మొక్కలకు నీళ్లు పోస్తానంది. మిగతా ఆరు రోజులూ దానికి కాలేజీ. ఇక్కడి మే నెల ఎండలో వారానికొక్కసారి నీళ్లతో బతికే మొక్కలేవో తెలుసుకోవాలని ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉతైలోని నర్సరీకి బయలుదేరాను.

నా దొడ్డిలో ఇరవై ఆరు మొక్కలున్నాయి. సగం నేను కొన్నవి కావు. ఈ సెక్టర్లలో ఎవరైనా రిటైరై విజయనగరమో శ్రీకాకుళమో వెళ్లిపోయేటప్పుడు, సామాను లారీకి ఎక్కించే రోజున కుండీలను గోడ మీదుగా పక్కింటివాళ్లకు అందించేవారు. అందుకే మా ఇంట్లో మొక్కలకు మనుషుల పేర్లు. సరోజినిగారి గన్నేరు, మేరీ టీచర్ నందివర్ధనం. గేటు పక్కన మల్లె మాత్రం మావారిది. క్వార్టరు చేతికొచ్చిన వారంలోనే, ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టి రైల్లో తెచ్చిన అంటు అది. మిగతావి పోతే మళ్లీ కొనుక్కుంటాను. అది పోతే ఎక్కడ కొనను?

ఉదయం ఏడుంబావుకు హేమా నేనూ ఆటో ఎక్కాం. రానుపోను, అక్కడ గంట ఆగడంతో కలిపి ఐదు వందలకు కుదిరింది. రిసాలి దాటాక ఇళ్లు పలచబడి పొలాలు మొదలవుతాయి. ఒకప్పుడు మావారి సైకిలు వెనక కూర్చుని ఈ వైపు కూరగాయలకు వచ్చేదాన్ని. ఆయన చొక్కా కాలరు ఎంత ఉతికినా స్టీల్ ప్లాంటు దుమ్ముతో ఎర్రగానే ఉండేది. ఆ కాలరు చూస్తూనే దారంతా గడిచిపోయేది. ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా నర్సరీ చేరాం.

నర్సరీ యజమాని కూర్మారావుకు యాభై ఏళ్లుంటాయి. తండ్రి శ్రీకాకుళం నుంచి ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట.

"ఏటి కావాలమ్మా?" అన్నాడు.

"వారానికొకసారి నీళ్లు పోస్తే చాలే మొక్కలు. మే నెలలో కూడా. చూడ్డానికి బాగుందని అమ్మొద్దు, బతికేదే ఇవ్వు."

"అమ్మో, పరీక్ష పెట్టీసినారు!" అని నవ్వి లోపలికి తీసుకెళ్లాడు. కలబంద, రణపాల, కాండంలోనే నీరు దాచుకునే ఎడారి గులాబీ, ఇంట్లో పెట్టుకోవడానికి స్నేక్ ప్లాంట్, గోడ మీదికి పాకించడానికి కాగితంపూల మొక్క. ఐదూ కలిపి ఏడు వందల ఇరవై. మంకెనపువ్వు రంగులో మెరిసిపోతున్న ఒక గులాబీని కూడా హేమ తెచ్చి నా ముందు పెట్టింది.

"దానికి రోజూ నీళ్లుండాలి. ఒగ్గియ్ పాపా," అని అతనే వెనక్కి పెట్టేశాడు. అమ్మకానికి తొందరపడని మనిషని అప్పుడు నమ్మాను. ఫోనులో మల్లె ఫోటో చూపించాను. ఆకుల కొనలు ఎండి ఉన్నాయి.

"నీళ్లెలాగ పోస్తారమ్మా?"

"రోజూ ఉదయం ఆరింటికి, మొక్కకు రెండు మగ్గులు. తొమ్మిదేళ్లలో ఒక్క రోజు కూడా తప్పలేదు."

"అదేనమ్మా దానికొచ్చిన జబ్బు. రోజూ గుమ్మంలోకే కేరేజీ ఒచ్చీస్తే వంటింట్లోకి ఎవులెల్తారు? నీళ్లు పైపైనే ఉంటే మొక్క ఏరు కిందకెందుకు దిగుద్ది? ఇప్పుడు మీరు మానేస్తే వారంలో చచ్చిపోద్ది."

"తొమ్మిదేళ్లు నేను పెంచిన మొక్కను నేనే చెడగొట్టానంటావా?" నా గొంతు పెరిగింది.

"అరె అమ్మమ్మా, అంకుల్‌ని బోల్నే దో నా, చెప్పనీ," అని హేమ నా చెయ్యి పట్టుకుంది. తర్వాత అతనితో, "మా అమ్మమ్మకి డాంట్, అదే తిట్లు, పడటం ఇదే ఫస్ట్ టైమ్," అంది.

కూర్మారావు తగ్గలేదు. "రెండు రోజులకొకసారి పొయ్యండి. అలవాటయ్యాక నాలుగు రోజులకి. అలగలగ వారానికి తెండి. పోసినప్పుడు మాత్రం లోపలిదాకా తడవాల. మొక్క మొదట్లో ఎండు ఆకులు కప్పీండి. బతికిద్దని మాటియ్యలేను గాని, ఏరుకి దారైతే ఉంటాది."

తిరుగు దారిలో ఆటో అతను కుండీలు లెక్కపెట్టి, "ఇత్నీ దూర్ ఆకే బస్ పాంచ్, దాదీ?" అని, ఇంత దూరమొచ్చి ఐదేనా అన్నట్టు నవ్వాడు. ఇంటికి రాగానే వంటింట్లోంచి పాత అట్లకాడ తెచ్చి హేమ చేత మల్లె పక్కన మట్టి తవ్వించాను. పైన రెండంగుళాలు తడి. ఆ కింద బూడిదలా పొడి మట్టి.

అప్పుడు గుర్తొచ్చింది. మావారికి వారపు సెలవు గురువారం. ఆ ఒక్కరోజే ఆయన మొక్కల జోలికి వెళ్లేవారు. మల్లె మొదట్లో పైపు పడేసి, పక్కన కుర్చీ వేసుకుని పేపరంతా చదివేవారు. నీళ్లు వృథా అని నేను ప్రతి గురువారం కసిరేదాన్ని. "తాగనీవే, మళ్లీ వారందాకా నేను కనపడను కదా," అనేవారు. తొమ్మిదేళ్ల కిందట ఆయన పోయాక ఆ పైపు చుట్టి అటక మీద పెట్టి, మగ్గుల లెక్క మొదలుపెట్టింది నేనే.

ఇది ఏప్రిల్ మొదటి వారంలో రాస్తున్నాను. ఎనిమిది వారాల్లో రెండు రోజులకొకసారి నుంచి వారానికొకసారికి వచ్చాం. మొదటిసారి నీళ్లు మానిన ఉదయం ఆరింటికి మగ్గు చేతిలోకి వచ్చేసింది. ముందురోజు రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన హేమ లాక్కుంది. మొన్న ఏడో రోజు మధ్యాహ్నం మల్లె ఆకులు వాలిపోతే గేటు దగ్గరే నిలబడ్డాను, నీళ్లు మాత్రం పోయలేదు. సాయంత్రానికి అవే తలెత్తాయి. కొసల్లో చిన్న మొగ్గలున్నాయి. మే ఎండ సంగతి మేలోనే తెలుస్తుంది. నేను లేనప్పుడు బతకడం దానికి నేర్పాల్సింది నేనే కాబట్టి నేర్పుతున్నాను.

మీరూ ఇలాంటి ప్రయత్నం చేస్తే ఒక మాట. నీళ్లు పోసిన గంట తర్వాత మొక్కకు జానెడు దూరంలో ఆరంగుళాలు తవ్వి చూడండి. అక్కడ తడి తగలకపోతే పైపు మళ్లీ పెట్టండి. పక్కన ఎవరైనా వృథా అని కసిరితే, కసరనివ్వండి.