నిర్మలక్క పోయిన తెల్లారి మళ్ల వాయిదానే

నిన్న ఆదివారం. పొద్దున భూపాలపల్లిల బస్సెక్కిన, మానుకోటల నిర్మలక్క క్లాస్‌కు.

రేగొండ దాటినంక మా బ్యాచ్ సంధ్య ఫోన్. అక్క చచ్చిపోయింది అన్నా, అన్నది.

ఏ అక్క అని అడిగిన. నిజంగనే సమజ్ కాలే.

గుండెనొప్పి. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయిందట.

తెల్వనోళ్లకు చెప్తున్న. నిర్మలక్క మానుకోట కోర్టుల వకీలు. లా చదివి, బార్ ఎగ్జామ్ పాస్ కాలేక, కోర్టుల ఎట్ల నిలబడాల్నో తెల్వక తిరిగే మా అసోంటోళ్లను ప్రతి ఆదివారం ఇంట్ల కూసోబెట్టుకొని తయారు చేసేది. జనగామ నుంచి, తరిగొప్పుల నుంచి, మరిపెడ దిక్కు తండాల నుంచి వచ్చేటోళ్లు.

నేను బొగ్గు గనుల కాడ నీళ్ల ట్యాంకర్ నడుపుత. మా కాలేజీల అటెండెన్స్ ఉండె, పాఠం లేకుండె. చదివిందంత సొంతంగనే.

మా ఫస్ట్ బ్యాచ్ సంగతి చెప్త.

ఎగ్జామ్ హాల్‌కు చట్టాల బుక్కులు తీస్కపోవచ్చు అన్నరు. ఇగ మేము ప్రతి సెక్షన్ పక్కన పెన్నుతోని తెలుగుల అర్థం రాసుకున్నం. సంధ్యది తండా, ఆమె లంబాడీల రాసుకున్నది. గేటు కాడ అన్ని గుంజుకున్నరు. బుక్కుల చేతిరాత ఉంటే నడ్వదట.

అందరం ఫెయిల్.

అక్క వకీలైన కాలంల ఈ పరీక్షే లేదు, ఆమెకు తెల్వలే. కోర్టుల ఈ సంగతి తెలిసినోళ్లు మస్తుమంది ఉండిరి. ఒక్కరన్న చెప్పలే. పైంగ "ట్యూషన్ టీచరమ్మ బ్యాచ్" అని నవ్విండ్రు.

అక్క మా మీద ఒర్లలే. రూల్ పెట్టింది. పెన్నులు చెప్పుల కాడ ఇడిసి లోపలికి రావాలె. సెక్షన్ చదువు, బుక్కు మూసెయ్, మీ ఇంట్ల మాట్లాడే మాటల్ల చెప్పు. సంధ్య లంబాడీల చెప్తుంటే అక్కకు ముక్క సమజ్ కాకపోయేది. అయినా ఆఖరి దాక ఇనేది. అర్థం కావాల్సింది నాకు కాదే, నీకు అనేది.

రెండోసారి పాసైనం.

పాసైతే వకీళ్లు అయిపోరు అని కూడ అక్కనే చూపెట్టింది. కొంగు నెత్తి మీద కప్పుకొని ముసలి సాక్షి లెక్క కూసునేది. మేము ప్రశ్నలడిగి క్రాస్ చెయ్యాలె. ఒకసారి, ఆ రోజు ఏం జూసినవ్ అని నేనడిగితే బర్రె ఈనిన ముచ్చట మొదలు పెట్టింది. మళ్ల అడిగితే కోడలు ముచ్చట. నాకు తిక్క లేసి గట్టిగ ఒర్లిన.

అక్క కొంగు తీసింది.

"రేపు కోర్టుల గీమె మీ అమ్మ లెక్కనే ఉంటది. గిట్లనే ఒర్లుతవారా?"

కోపమొచ్చినప్పుడల్లా ఆ మాట యాదికొచ్చి ఆగుత.

ఇయ్యాల ఆగుత లేను.

మరిపెడ దిక్కు కూలి చేసుకునే ఎల్లవ్వ అనే ఆమె ఉన్నది. మొగడు ఇడిసిపెట్టిండు, భరణం కేసు. వాయిదా మీద వాయిదా తీసుకున్న ఆ మొగడు ఆఖరికి ఇయ్యాల బోనెక్కాలె. అక్క కాడ జూనియర్‌గ చేరిన మా సంధ్య అతన్ని క్రాస్ చెయ్యాలె. పిల్లకు ఇదే మొదటిది. అక్కనే దగ్గరుండి తయారు చేసింది.

వకీలు చనిపోతే తెల్లారి కోర్టు పని బంద్ పెట్టుడు మా దగ్గర రివాజు. సంతాపం అన్నట్టు.

సంధ్య వాసిన కండ్లతోని బార్ రూమ్‌కు పోయింది. ఎల్లవ్వ కేసు ఒక్కటి నడ్వనీయుండ్రి, అక్క ఉంటే గదే అడుగుతుండె అన్నది. ఒక సీనియర్, నీ గురువు పోయిన తెల్లారే నీకు కేసు కావాల్నా, సిగ్గుండాలె అన్నడు.

సిగ్గు గురించి గాయన చెప్పాలె మరి. ఆదివారం ఖాళీగుండే బార్ రూమ్ క్లాస్‌కు ఇయ్యమంటే తాళం చెవి దొరుకుత లేదన్న మనిషి. ఇయ్యాల ఫ్లెక్సీ ఏయించిండు. అండ్ల అక్క ఫొటో కంటె ఆయన ఫొటోనే పెద్దగున్నది.

సంధ్య ఊకోలే. పోయి జడ్జి ముందట నిలబడ్డది. నేను ఎనుక బెంచి మీద ఉన్న. ఈ ఒక్క కేసు నడ్పుండ్రి అని అడిగింది. జడ్జి మంచిగనే ఇన్నడు. కని అవతలి వకీలు సంతాపంల ఉన్నడు, రాలే.

వాయిదా.

మొగడు నవ్వుకుంట బండెక్కి పోయిండు.

జీవితమంత వాయిదాల మీద కొట్లాడిన మనిషి పేరు చెప్పి వాయిదా ఇచ్చిండ్రు. గిదేం గౌరవం?

గ్రూపులల్ల ఆర్ఐపీ అని పెట్టుడు ఇగ చాలు. ఎగ్జామ్ దగ్గరికొచ్చింది. కొత్త చట్టాలు చెప్పేటోళ్లు లేక ఈసారి బ్యాచ్ పిల్లలు పరేషాన్ల ఉన్నరు. చాతనైతే ఆదివారం వచ్చి గంటసేపు చెప్పుండ్రి.

కోర్టు మెట్ల కాడ గదే సీనియర్ ఎల్లవ్వ దగ్గరికొచ్చి, ఇగ నీ కేసు నేను చూస్త అన్నడు. ఎల్లవ్వ సంధ్య చెయ్యి పట్టుకున్నది.

"మా నిర్మలమ్మ పోయింది సారూ. ఇగ నా వకీలు గీ పిల్లనే."

పోయిరా నిర్మలక్కా.
నీ పాణం నిమ్మళంగుండాలె. కొట్లాట మాకు ఇడిసిపెట్టు.