నలభై మంది కర్నూలు వాళ్లు

మా చిన్నాయన మగ్గాన్ని నేను ఎలా నట్టేట ముంచబోయానో చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. నవ్వుతారని తెలిసే మొదలుపెట్టాను. మిల్లు గుడ్డ దెబ్బకు మూలపడ్డ మగ్గాల గురించి మీరు విని ఉంటారు. పెళ్లాం అక్క కూతురు వెబ్‌సైటు చేస్తే మూలపడబోయిన మగ్గం గురించి మాత్రం విని ఉండరు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కర్నూలు పక్కన కల్లూరులో ఉంటూ వెబ్‌సైట్లు చేయడం నేర్పే రెండు వారాల కోర్సు ఒకటి పూర్తి చేశాను. ఆ రెండు వారాలకే నెట్టునంతా కొంగున ముడేసుకున్నట్టు తిరిగేదాన్ని. సరిగ్గా అదే సమయంలో ఎమ్మిగనూరులో మా చిన్నాయన వీరన్న నేసిన చీరలు ఇక వద్దని, ఏళ్ల తరబడి తీసుకుంటున్న షావుకారు చెప్పేశాడు.

"ఉగాది దాకా సూస్తా. అప్పటికీ చీరలు పోకుంటే మగ్గం ఇప్పేసి, కల్లూరుకొచ్చి వాచ్‌మన్ పని చేసుకుంటా. తలుపులు చేసేదానికి ఆ కట్టె తీసుకుంటానని వడ్లాయన కూడా చెప్పినాడు" అన్నాడు చిన్నాయన, నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు.

మా చిన్నమ్మ రామలక్ష్మి రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి ఆ మగ్గం చప్పుడుతోనే బతికిన మనిషి. ఆగిన ఆ చెయ్యిని చూడగానే నాకు ఏడుపొచ్చింది. దాని వెంటే పౌరుషం కూడా పొడుచుకొచ్చింది.

"చిన్నాయనా, ఎవరన్నా మగ్గం ముట్టుకుంటే ఊరుకునేది లేదు. మన చీరల్ని నెట్టులో పెడతా. దేశమంతా కొంటారు."

"అంత మందికి మనం ఈడుండామని యట్ల తెలుస్తాది పాపా?"

"నువ్వు నెయ్యి. మిగతాది నేను చూసుకుంటా."

ఆ మిగతాది ఎలా చూసుకున్నానో వినండి. నాలుగు రోజులు అన్నం నీళ్లు మాని సైటు చేశాను. దానికి 'రామలక్ష్మి హస్తకళా వస్త్ర సౌరభం' అని పేరు పెట్టాను. పేరు కింద 'తరతరాల తపస్సు నుంచి జాలువారిన నూలుపోగుల నవరస వైభవం' అని రాశాను. రాసింది నేనే, చదివి పులకరించిపోయిందీ నేనే. పులకరింతలో పడి ఫోన్ నంబరు రాయడం మరిచిపోయాను. ఊరి పేరు కూడా రాయలేదు. అంత వైభవంలో ఎమ్మిగనూరు ఇమడదేమో అనిపించింది.

తర్వాత మా సైటు పేరు మొత్తం కొట్టి వెతికాను. మొట్టమొదట మాదే వచ్చింది! వెంటనే ఎమ్మిగనూరుకు ఫోన్ కొట్టాను.

"చిన్నాయనా, వెతికితే మనదే ఫస్టు!"

"అంత మందిలో మనదే ఫస్టా?"

"మనదే!"

పాపం, ఆయన వీధంతా బెల్లం పంచాడు.

ఇక ఆ సైటుకు ఎంతమంది వచ్చారో, ఏ ఊరి వాళ్లో చూపించే లెక్క వేరే పేజీలో ఒకటి ఉండేది. రోజూ ఉదయం సైటు తెరిచేదాన్ని. టీ తాగి తెరిచేదాన్ని. షేర్ ఆటోలో తెరిచేదాన్ని. స్నేహితురాళ్లకు చూపించడానికి తెరిచేదాన్ని. సాయంత్రానికి లెక్క చూస్తే 'కర్నూలు: నలభై' అని ఉండేది. ఆహా, ఏం ఆదరణ! రోజూ ఫోన్ చేసి చెప్పేదాన్ని.

"ఈ దినం నలభై మంది వచ్చినారు చిన్నమ్మా, అందరూ కర్నూలు వాళ్లే."

"నలభై మందా! ఒక్కరూ రేటు అడగల్యా?"

"చూసి పోతాండారు."

"మొగమాటమేమో పాపా. వచ్చి కూర్చోండి, ఊరికే సూసుకోండి అని రాయి. కొనకపోయినా పర్వాల్యా అని కూడా రాయి."

రాశాను కూడా. నవ్వకండి, ఇంకా ఉంది. నలభై మందిలో నలుగురు అడిగినా చేతిలో సరుకు ఉండాలని చిన్నాయన రాత్రి పొద్దుపోయేదాకా లేవకుండా మగ్గం గుంతలోనే కూర్చుని ఎనిమిది చీరలు నేశాడు. మూడు వారాలకు నేను ఎమ్మిగనూరు వెళ్లేసరికి ఆయన కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. చీరలు మాత్రం పెట్టెలో మడత నలగకుండా ఎదురుచూస్తున్నాయి.

ఆ మధ్యాహ్నమే ఎదురింటి ముంతాజక్క వచ్చింది. జాకెట్లు కుట్టే మనిషి.

"మా అమ్మకు చీర కావాల. మొదటి బేరం నేనే చేస్తా, నెట్టులోనే చేస్తా" అని తన ఫోన్ తీసి, దానితో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "ముసలామెకు ఎండాకాలంలో కట్టుకునేదానికి మెత్తని నూలు చీర."

ఫోన్‌లో సూరత్ చీరలు వచ్చాయి. చెన్నై చీరలు వచ్చాయి. ముసలమ్మలకు మోకాళ్ల నొప్పుల నూనె కూడా వచ్చింది. మేము రాలేదు.

"అరే, యాడుండారు మీరు?" అంది ముంతాజక్క, వేలితో పైకి తోస్తూ, తోస్తూ.

"అట్ల కాదక్కా, మా సైటు పేరు కొట్టాల."

రాట్నం దగ్గర నుంచి చిన్నమ్మ మెల్లగా అడిగింది. "పేరు తెలిసినోళ్లు నేరుగా ఇంటికే వస్తారు గదా పాపా. ఎతుక్కునేది తెలియనోళ్లు గదా?"

నా రెండు వారాల కోర్సు అక్కడికక్కడే చచ్చిపోయింది. ఆ మాట కోర్సులో ఒక్కరూ చెప్పలేదు.

ముంతాజక్క పేరు కొట్టి సైటు తెరిచింది. నా ఫోన్‌లో లెక్క కింద కొత్త గీత పడింది. 'ఎమ్మిగనూరు: ఒకటి.' చిన్నాయన వంగి చూశాడు.

"ఈ ఒకటి ముంతాజా?"

"ఊఁ."

"మరి ఆ కర్నూలోళ్లు నలభై మంది ఎవురు పాపా?"

ఎన్నిసార్లు తెరిస్తే అంతమంది అని లెక్కేసే చవకరకం లెక్క అది. నాకు అప్పుడే వెలిగింది.

"నేనే చిన్నాయనా."

"నలభై మందివీ నువ్వేనా?"

ముంతాజక్క పడీపడీ నవ్వింది. చిన్నాయన నవ్వలేదు, తిట్టనూ లేదు. వెళ్లి పెట్టె మూత వేసి వచ్చాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

చిన్నమ్మ నా పక్కన కూర్చుంది. "ఏడ్సింది సాలు. నువ్వు రాసిందాంట్లో చీర అనే మాట యాడుండాదో సూపీ."

వెతికాను. వస్త్రం ఉంది, వైభవం ఉంది, తపస్సు కూడా ఉంది. చీర లేదు. చీరలమ్మే సైటులో ఒక్కచోటన్నా చీర లేదు!

"నేను చెప్తా, రాసుకో. సంతలో ఆడోళ్లు యట్ల అడుగుతారో నాకు తెలుసు. మెత్తని నూలు చీర. ఉతికితే రంగు పోనిది. ముసలోళ్లకు బరువు కానిది. ఎండాకాలంలో ఒళ్లు మండనిది."

ఆమె కండెలు చుడుతూ చెప్పింది, నేను రాశాను. ప్రతి ఫొటో కింద ఆ చీర ఏదో రాశాను. ఊరి పేరు రాశాను, ఫోన్ నంబరు రాశాను. తర్వాత కల్లూరు వచ్చి, సైటు తెరవనని ఒట్టేసుకుని లెక్క మాత్రం చూస్తూ కూర్చున్నాను. సున్నా. మరుసటి రోజూ సున్నా. అన్నాళ్లకు అది నిజం చెప్పడం మొదలుపెట్టింది.

ఉగాది ఇంకా రెండు రోజులుందనగా 'కడప: ఒకటి' అని పడింది. గంటలో చిన్నాయన ఫోన్ చేశాడు.

"కడప నుంచి ఒకామె మాట్లాడింది పాపా. వాళ్లత్తకు ఒంటి నిండా చెమటకాయలంట. ఒళ్లు మండని నూలు చీర అని ఎతికితే మనది వచ్చిందంట. నాలుగు పంపమనింది!"

పండగనాడు వడ్లాయన వస్తే చిన్నాయన వాకిట్లోనే ఆపాడట. "మగ్గం మీద చీర ఉండాదప్పా, ఇప్పుడు ఇప్పేదానికి కాదు" అన్నాడట. ఆ మాట చెబుతూ చిన్నమ్మ ఫోన్‌లోనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇప్పటికీ వచ్చేవాళ్లు తక్కువే. వారానికి ఇద్దరో ముగ్గురో కొంటారు. మగ్గం మాత్రం ఆడుతోంది. అయితే రోజూ తప్పకుండా 'ఎమ్మిగనూరు: ఒకటి' అని పడుతుంటే, సొంత ఊళ్లో ఎవరీ అభిమాని అని ఒకరోజు చిన్నాయననే అడిగాను.

"నేనే పాపా. సున్నా పడితే నువ్వు మళ్లా ఏడుస్తావని దినామూ ఒకతూరి తెరుస్తాండా."

అందుచేత, పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నన్ను నేను జనంగా లెక్కపెట్టుకోను. చిన్నాయనను మాత్రం రోజూ లెక్కపెడతాను.